మస్తాన్ గారి కోపం

ఈ కెనడా దేశంలో ఒక ఫోన్ ఛార్జర్ తెప్పించుకుంటే, పసిబిడ్డను పడుకోబెట్టేంత అట్టపెట్టెలో పెట్టి పంపుతారు. దాన్ని విప్పి, తొక్కి, రీసైక్లింగ్ డబ్బాలో కుక్కడానికే నా శనివారాలు సరిపోతున్నాయి. నిన్న కాల్గరీలో మా గరాజ్‌లో ఆ పని చేస్తుంటే తడి అట్ట వాసన ముక్కుకు తగిలి, మస్తాన్ గారు గుర్తొచ్చారు.

గ్వెల్ఫ్ అనే ఊళ్లో చదువు పూర్తయ్యాక అక్కడే కారు అద్దాల ఫ్యాక్టరీలో చేరాను. ఆయన మా షిఫ్ట్ సూపర్‌వైజర్. నంద్యాల మనిషి, అరవైకి దగ్గర పడ్డవారు. ఎవరైనా పని పాడుచేస్తే ఆయన ఉన్నట్టుండి పక్కనున్న పెట్టె మీద కూర్చునేవారు. షుగర్ పడిపోయిందనుకుని మొదటిసారి బిస్కెట్లు తెచ్చిచ్చాను. తిన్నాక చెప్పారు.

"షుగర్ కాదప్పా, కోపం. నిలబడి ఉండగా కోపమొస్తే కూర్చోమన్నారు మా ప్రవక్త. అప్పటికీ తగ్గకుంటే పడుకోమన్నారు."

"పడుకుంటే తగ్గుతుందా అంకుల్?"

"పడుకున్నోడు ఎవర్నీ కొట్టలేడు గదా."

 గుండెకు తుప్పు పడుతుందనీ, రోజూ తోముకోవాలనీ లంచ్‌లో చెప్పేవారు. వేరే ఊరి వాతావరణ సమాచారం విన్నట్టు వినేవాణ్ణి.

ఒకరోజు ఎడమవైపు అద్దాల పెట్టెలకు కుడివైపు లేబుళ్లు అంటించాను. సరుకు వెళ్లిపోయింది, ఫిర్యాదు తిరిగొచ్చింది. మేనేజర్ అడిగితే లోర్నా అంటించిందన్నాను. లోర్నా నా బల్ల దగ్గరే పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడ. మేనేజర్ అడిగిన రోజు, వాళ్ల పాపకు జ్వరమని ముందే వెళ్లిపోయింది. ఆవిడకు అప్పటికే ఒక వార్నింగ్ ఉంది. ఇంకొకటొస్తే ఉద్యోగం పోతుంది. నాకది తెలుసు. నా వర్క్ పర్మిట్ గొడవలు నాకున్నాయని సర్దిచెప్పుకున్నాను.

ఆ లేబుళ్లు నేను అంటిస్తుంటే మస్తాన్ గారు కళ్లారా చూశారు. నన్ను ప్యాకింగ్ మూలకు పిలిచి కూర్చున్నారు. లేచి వెళ్లి ముఖం, చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చున్నారు. గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి. చివరికి ఒక అట్ట పరిచి, సేఫ్టీ బూట్లతోనే కాంక్రీటు మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నారు. పెట్టెలు మోసే ఫోర్క్‌లిఫ్ట్ బండి ఆగిపోయింది. ఆయన పెదవులు కదులుతున్నాయి. నన్ను తిట్టకుండా ఉండటానికి ఒక పెద్దమనిషి అంత కష్టపడుతుంటే నిలబడి చూశాను. నయాగరా కూడా చూశాను. దాని ముందు ఇంత చిన్నవాణ్ణి కాలేదు.

కళ్లు తెరవకుండానే అన్నారు: "ఆయమ్మ పేరు చెప్పింది నువ్వు. నువ్వే పోయి ఆ మాట వెనక్కి తీసుకో. నేను చెప్తే ఆయమ్మ ఉద్యోగం నిలబడుతుంది. నీ గుండెకేం లాభం?"

మెట్లెక్కి మేనేజర్ దగ్గరికి వెళ్లి చెప్పాను. లోర్నా ఉద్యోగం నిలబడింది. నన్ను రెండు వారాలు సస్పెండ్ చేసి ఇంటికి పంపారు. ఈనాటికీ ఆఫీసులో తప్పు జరిగితే నా నోటికి ముందొచ్చేది వేరేవాళ్ల పేరే. దాన్ని మింగి నా పేరు చెప్పడానికి కొంచెం సమయం పడుతుంది.

కాల్గరీకి మారే ముందు సెలవు తీసుకుందామని మస్తాన్ గారింటికి వెళ్లాను. టీ పోస్తున్నారు. "కోపమన్నదే లేకుండా మనసును కడిగేసుకున్నారు అంకుల్, మీరు" అన్నాను.

"లేకపోవడమేంది?" అన్నారు కప్పు నా ముందుకు జరుపుతూ. "నీ మీద ఇంకా ఉంది."