ముందు చక్రం

నలభై ఏళ్లుగా బళ్లు బాగుచేస్తున్న పెద్దమేస్త్రి చలికాలానికి తేలికపాటి బైకులకు లోతైన గాడులున్న టైర్లు ఎక్కించి, గాలి కాస్త తగ్గించి, బొటనవేలితో నొక్కి చూసేవాడు. చక్రం తిరగాల్సిన దిక్కు చూపే బాణం టైరు మీదే ఉంటుంది; తిరగేసి బిగిస్తే తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. "అది చూసి బిగించేది నిన్నగాక మొన్న వచ్చినవాళ్లమ్మా, నా చేతికే కళ్లున్నాయి" అని ఓ సాయంత్రం టైర్లు మార్పించుకోడానికి వచ్చిన నర్సమ్మకు గొప్పగా చెప్పి బండి అప్పగించాడు.

మర్నాడు ఆమె మోచేతికి కట్టుతో బండి నడిపించుకుంటూ వచ్చింది. "మంచులో మలుపు దగ్గర జారిపడ్డాను బాబాయ్. మీరు ఇంత మంచి టైరు వేసినా నాకే నడపడం చేతకాలేదు, తిట్టకండి." ఆయన వంగి చూశాడు. ముందు టైరు మీద బాణం వెనక్కి తిరిగి ఉంది. చెవులు వేడెక్కాయి, అరచేత్తో దాన్ని కప్పేశాడు. ఆమె ఇంకా తననే తిట్టుకుంటోంది. "తప్పు నీది కాదమ్మా, నాది" అనడానికి ఆయనకు చక్రం మొత్తం విప్పినంత సేపు పట్టింది.