అత్తగారి కొండ చుట్టరికం

ఆ ఏడు మా మిరపకాయలు కళ్ళాల్లో ఎండటం, మార్కెట్ యార్డుకు చేరటం త్వరగా తెమిలిపోయాయి. చేతిలో పనిలేని మా ఆయన ఇంట్లో ఒక్కో స్విచ్చీ విప్పి మళ్ళీ బిగించటం మొదలుపెట్టారు. నాకూ బడికి వేసవి సెలవులే. మా స్కూల్లో సైన్సు చెప్పే టీచరు గారు, అరకు వైపు కొండమీద ఒక హోటలుందని చెప్పారు. అక్కడ పనిచేసేవాళ్ళంతా చుట్టుపక్కల గూడేల ఆడవాళ్ళేనట. లాభంలో వాళ్ళకూ వాటా ఉందట. వాళ్ళ పిల్లల బడిని కూడా ఆ హోటలే నడుపుతుందట. వెళ్దామనుకున్నాం. మా అమ్మాయి ఆ సాయంత్రమే బట్టలు సర్దేసుకుంది. "నేనెక్కడికీ రాను, మీరెళ్ళి రండి" అన్న మా అత్తగారు మర్నాడు పొద్దున్నే పండుమిరపకాయల కొరివికారం జాడీకి వాసెన కడుతూ కనిపించారు.

"మీరూ వస్తున్నారా అత్తయ్యా?"

"అక్కడేం పెడతారో ఏందో! మీ నోళ్ళు చచ్చిపోతయ్యని వస్తన్నా."

విశాఖలో రైలు మారి, సొరంగాలన్నీ దాటి, జీపెక్కి పైకి చేరేసరికి మధ్యాహ్నమైంది. మా సత్తెనపల్లిలో ఫ్యాను కింద కూడా ఒళ్ళు మండిపోయే రోజుల్లో అక్కడ గాలి చల్లగా చెంపలకు తగిలింది. హోటలు నడిపే ఆవిడ ఎదురొచ్చి, మా సంచుల్లోని ప్లాస్టిక్ కవర్లన్నీ ఏరి ఒక గుడ్డసంచిలో వేసి, "ఇవి వెళ్ళేటప్పుడు మీతోపాటే కిందికి తీసుకెళ్ళాలండీ" అంటూ నవ్వుతూ మా ఆయన చేతిలో పెట్టారు. గదిలో టీవీ లేదు. మా అమ్మాయి మొహం కాసేపు వేలాడింది కానీ, వరండాలో పిల్లి పిల్లలు కనపడగానే మమ్మల్ని కూడా మరిచిపోయింది.

చిక్కు భోజనాల దగ్గరొచ్చింది. పొడుగాటి బల్ల ఒకటే. దిగినవాళ్ళు, వండినవాళ్ళు, గదులు ఊడ్చినవాళ్ళు, ఆ నడిపే ఆవిడ, అందరూ దాని చుట్టూనే కూర్చున్నారు. అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవురెవురో ఏందో, అందరూ ఒక్కచోటేనంటే!" అని నా చెవిలో గొణిగి, "నాకు ఆకలి లేదులే" అంటూ గదికి వెళ్ళిపోయారు. ఆ ముక్క గుమ్మం పక్కనే కూర్చున్న వంటావిడ చెవిన పడిందో లేదో తెలియదు కానీ నాకు మాత్రం సిగ్గేసింది. పనసపొట్టు కూర ఎంతో బాగున్నా సగం కూడా తినలేకపోయాను. తరవాత గదిలోకి అన్నం పట్టుకెళ్తే, "అన్నానికి మడేముందిలే" అని తనకు తానే సర్దిచెప్పుకుని, కొరివికారం కలుపుకుని తిన్నారు.

సాయంత్రం వాన పట్టుకుంది. ఆ చలికి అత్తగారి మోకాళ్ళు బిగుసుకుపోయాయి. మంచం దిగలేక మూలుగుతుంటే వంటావిడే వచ్చింది. ఆవిడదీ అత్తగారి వయసే. ఇత్తడి గ్లాసులో అల్లం, మిరియాల కషాయం ఇచ్చి, అడక్కుండానే కింద చతికిలబడి, వేడి ఇసుక మూటతో మోకాళ్ళకు కాపడం పెట్టింది. అత్తగారు మొదట కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. కాసేపటికి చాపారు.

"నీకెంతమంది పిల్లలమ్మా?" అని అడిగారు.

ఇక అక్కడినుంచి ఇద్దరి కబుర్లకూ అడ్డూ ఆపూ లేదు. కోడళ్ళ గురించి కూడా మాట్లాడుకున్నారని నాకు గట్టి అనుమానం, నేను లోపలికి రాగానే టక్కున ఆపేశారు మరి.

మర్నాడు లేచి చూస్తే అత్తగారు పక్కమీద లేరు. వంటింట్లో పీటమీద కూర్చుని జాడీ మూత తీస్తున్నారు. వంటావిడ ఆ ఎర్రటి ముద్దను చూసి టమాటా పచ్చడనుకుందేమో, ఇంత తీసి నోట్లో పెట్టేసుకుంది. కళ్ళలోంచి, ముక్కులోంచి ధారలు!

"అయ్యో అయ్యో, గోరంతే నాకాల! బెల్లం తేండే ఎవురన్నా!" అని అత్తగారు పెట్టిన కేకకు హోటలంతా పరిగెత్తుకొచ్చింది. మోకాళ్ళ నొప్పి సంగతి మరిచిపోయి తనే లేచి, మజ్జిగ గ్లాసు ఆవిడ నోటికి అందించారు. ఊపిరి అందగానే వంటావిడ పగలబడి నవ్వి, "మీరు దీన్ని రోజూ తింటారా? బతికే ఉన్నారే!" అంది. అత్తగారు నవ్వీ నవ్వీ గోడకు ఆనుకున్నారు.

ఆ మధ్యాహ్నం నేను పిలవకుండానే వచ్చి, ఆ పొడుగాటి బల్ల దగ్గర వంటావిడ పక్కన కూర్చున్నారు. "ఆ కూర ఇటియ్యి వదినా" అన్నారు. మా ఆయన నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను.

బయల్దేరేముందు అత్తగారు ఆవిడకు చెంగావి రంగు నేతచీర పెట్టారు. ఆవిడ ఇల్లు చూసి రావాలని గూడెం దాకా నడిచి, వాళ్ళ గడప దగ్గర కూర్చుని రాగి జావ తాగొచ్చారు. సత్తెనపల్లి వచ్చాక అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ "కొండమీద మా వదినుంది" అని చెప్పేవారు.

రెండేళ్ళకు మళ్ళీ వెళ్ళాం. అదే గది, అదే చల్లగాలి, అప్పటికన్నా పచ్చగా కొండలు. కానీ వంటావిడ కూతురి పురుడని ఆ పిల్ల అత్తగారి ఊరెళ్ళింది. అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుని, ఆ కొండలవైపు చాలాసేపు చూసి పెదవి విరిచారు.

"ఈసారేందో కొండలు అంత బాగాలేవమ్మాయ్," అన్నారు.