ముక్తాయింపులో ఆరు మాత్రలు

తణుకు బస్టాండులో ఉదయం 6.10కి నరసాపురం బస్సు ఎక్కాను. చేతిసంచిలో ఒక జత బట్టలు, మంచినీళ్ళ సీసా, పెన్సిలు, గళ్ళ నోటుపుస్తకం. సాయంత్రం ఐదున్నరకి అమలాపురంలో వెంకటలక్ష్మి గారి కచేరీ. ఆవిడ ముప్ఫై నాలుగేళ్ళుగా పెళ్ళిళ్ళలో సన్నాయి వాయిస్తున్నారు. భోజనాల వేళ దొరికే విరామాల్లో కృతులు కడతారు. ఇప్పటికి నలభై ఒకటి. కొన్నింటిని పట్నాల్లో పాడుతున్నారు, కట్టిందెవరో చెప్పకుండానే. అన్నీ ఆవిడ కట్టినవే, ఆవిడ పేరు మీదే వినిపించే కచేరీ ఇది మొదటిది.

నాకు సంగీతం రాదు. లారీలు తూచే కాటా దగ్గర పని. రేడియో వింటూ తాళం లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. మూడేళ్ళ క్రితం మా వీధిలో ఒక పెళ్ళికి ఆవిడ వాయించడానికి వచ్చినప్పుడు, పాట చివర ఒకే స్వరాల వరసను మూడుసార్లు వాయించే ముక్తాయింపులో తాళం కొలతకి ఒక మాత్ర ఎక్కువైందని నేను చెబితే, ఆవిడ కోప్పడలేదు సరికదా నా ఫోను నంబరు అడిగారు. అప్పటి నుంచి స్వరాలు రాసిన కాగితం ఫొటో తీసి పంపుతారు. నేను ముక్తాయింపు లెక్క కట్టి పంపుతాను. ఈ కచేరీలో ఆఖరి కృతికీ లెక్క నాదే.

నరసాపురం 8.05. అక్కడి నుంచి ఆటోలో రేవుకి పది నిమిషాలు. గోదావరి దాటించే పంటు మీద ఇరవై రెండు మోటారుసైకిళ్ళు, ఒక పాలవ్యాను, మనుషులు సుమారు అరవై మంది. పొద్దున ఎండ ఎదురుగా కొడుతుంది, టోపీ ఉంటే మంచిది. ముందురోజు రాత్రి ఆవిడ పంపిన రికార్డింగు వినలేదు. నది మధ్యకి వచ్చాక చెవిలో పెట్టుకున్నాను. చేత్తో తాళం వేస్తూ ఆవిడ పల్లవి పాడారు. తాళం మొదటి దెబ్బ మీద మొదలవుతుందనుకున్న పల్లవి, ఒకటిన్నర దెబ్బ ఆగి మొదలైంది! కాగితంలో ఆ సంగతి లేదు, నేను అడగనూ లేదు.

వేళ్ళ మీద లెక్కపెట్టాను. దెబ్బకి నాలుగు మాత్రలు, ఎనిమిది దెబ్బలకి ముప్ఫై రెండు. రెండు చుట్లకి అరవై నాలుగు. నేను కట్టింది సరిగ్గా అంతే: ముందు ఇరవై ఎనిమిది, ఆపైన మూడు పన్నెండ్లు. కానీ ఒకటిన్నర దెబ్బంటే ఇంకో ఆరు. పల్లవి దగ్గరికి చేరాలంటే డెబ్బై కావాలి.

పక్కన చేపల గంపతో నిలబడ్డ పెద్దావిడ నా వేళ్ళకేసి చూసి, "ఎవరికండీ, ముహూర్తం పెడతన్నారా?" అంది.

"పాట లెక్కండీ. ఆరు తగ్గింది."

"పాటక్కూడా లెక్కేంటండీ బాబూ! తగ్గితే ఆరూ ఏసేయండి మరి!"

సఖినేటిపల్లి నుంచి బస్సులో రాజోలు 9.40. పెసరట్టు తిని 10.10కి అమలాపురం బస్సు పట్టుకున్నాను. దారిలో వెంకటలక్ష్మి గారికి రెండుసార్లు ఫోను చేశాను, ఎవరూ తియ్యలేదు. బోడసకుర్రు వంతెన మీద గోదావరి పాయ ఎంతో బాగుంటుందంటారు. నేను చూడలేదు, కూడుతూనే ఉన్నాను.

11.25కి దిగి వాళ్ళ సందులోకి వెళ్ళేసరికి సన్నాయి, డోలు వినిపించాయి. ముక్తాయింపు అయిపోయింది. పల్లవి ఎక్కడ అందుకోవాలో తెలియక రెండూ తడబడి ఆగిపోయాయి. ఆ వెంటనే మాటలు మొదలయ్యాయి.

"మీ డోలు పరిగెడుతోందండీ!"

"నీకు ఊపిరి చాలటం లేదే!" డోలు వాయించేది ఆవిడ భర్త అబ్బులు గారే.

నన్ను చూసి ఆవిడ లేచారు. "రండి తమ్ముడుగారూ. మూడ్రోజుల నుంచీ ఇదే వరస. ఈయనన్నదే నిజమేమోనండీ. యాభై ఎనిమిదొచ్చేయి. ఈ కచేరీతో సన్నాయి అటక మీద పెట్టేద్దావనుకుంటున్నాను. ఊపిరి నిలవనిదాన్ని, కృతులు కట్టి మాత్రం ఏం చేస్తానండీ?"

కూర్చోకుండానే చెప్పాను. "తప్పు మీ ఇద్దరిదీ కాదక్కగారూ. లెక్క నేనే తప్పు కట్టాను."

"మీరా?" అన్నారు అబ్బులు గారు. "మీరు రాసేక తప్పుంటుందని ఎవరనుకుంటారండీ! అందుకేగా మాలో మేం తిట్టుకున్నాం! మూడ్రోజులు నాకు కూర కూడా సరిగ్గా వండలేదండీ ఈవిడ!"

"మీరు నా ఊపిరినంటే నేను వండుతానా?" అని ఆవిడ ఒక్కసారిగా నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

నోటుపుస్తకం తీశాను. పన్నెండు చోట పద్నాలుగేసి పెడితే సరిపోతుందన్నాను. ఆవిడ వాయించి చూసి తల అడ్డంగా ఊపారు. "ఇరుగ్గా ఉందండీ. కావాల్సింది ఆరేగా? వరసకీ వరసకీ మధ్య ఖాళీలు రెండు కదా. మూడేసి మాత్రలు ఆగితేనో?"

పన్నెండు, మూడు, పన్నెండు, మూడు, పన్నెండు. ముందు ఇరవై ఎనిమిది. డెబ్బై.

"ఊపిరి కూడా అక్కడే తీసుకోవచ్చు," అన్నారావిడ. వాయించారు. పల్లవి తన చోట తాను దిగింది. "ఆయ్!" అని అబ్బులు గారు డోలు మీద అరచేత్తో చరిచారు. ఆ పూట ఆవిడ చింతచిగురు రొయ్యలు వండారు. ఆయన మూడుసార్లు వడ్డించుకున్నారు.

కచేరీ బడి హాల్లో. కుర్చీలు రెండు వందల పన్నెండు. 5.40కి తొమ్మిదే ఖాళీ. ప్రతి పాటకీ ముందు, కట్టినవారని ఆవిడ పేరు చదివారు. ఆఖరి కృతి ముక్తాయింపు 7.35కి వచ్చింది. మొదటి ఖాళీ దగ్గర ఒకాయన అయిపోయిందనుకుని చప్పట్లకి చేతులెత్తి ఆగిపోయారు. రెండో ఖాళీలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ తాపీగా ఊపిరి తీసుకోవడం నాకు కనిపించింది. మూడో వరస అయ్యి పల్లవి అందుకునేసరికి హాలంతా "ఆయ్!" అంది. చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పలేను. గడియారం చూడలేదు.

బస్టాండు ఎదుట లాడ్జిలో పడుకుని, పొద్దున 6.30 బస్సుకి బయల్దేరాను. ఆ దారిన వెళ్ళేవారికి నేను చెప్పగలిగింది ఒకటే. కోనసీమలో మన లెక్క తప్పని ఎవరూ మనతో అనరు. మూడు రోజులు వాళ్ళనే వాళ్ళు తిట్టుకుంటారు. అందుకని ముందే అడిగి తెలుసుకోవడం మన పని.

పంటు కదిలాక ఫోను మోగింది. ఆవిడ పంపిన ఫొటో: కొత్త కాగితం, కొత్త స్వరాలు, పైన 42 అంకె. దాని పక్కనే ఎర్ర సిరాతో రాశారు: "పల్లవి మూడో దెబ్బ మీద. ఈసారి ముందే చెబుతున్నానండీ."

అవతలి ఒడ్డుకి పన్నెండు నిమిషాలు. పెన్సిలు తీశాను.