పదో షాట్‌లో ఉన్న మనిషి

తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్లూరులో దిగాలి. అక్కడి నుంచి కాలేజీ బస్సులో ఇంకో అరగంట. పదహారేళ్లుగా ఇదే నా బతుకు. విజువల్ కమ్యూనికేషన్ పాఠాలు చెబుతాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ. స్టూడియో అని బోర్డున్న గదిలో రెండు లైట్లూ ఓ పాత కెమెరా ఉంటాయి, అంతే.

ఆఖరి సంవత్సరం పిల్లలకు ఒక ప్రాజెక్టు ఉంటుంది. నేనొక మ్యూజిక్ వీడియో ఇస్తాను, అందులో పది షాట్లు ఎంచి పెడతాను. కెమెరా ఎక్కడుంది, వెలుగు ఎటునుంచి పడుతోంది, రంగులు ఎందుకలా మార్చారు, ఈ తరహా పాటల్లో ఇది మామూలేనా, ఇవన్నీ వాళ్లు ఇంగ్లీషులో రాయాలి. పదిలో ఒక్కటి తగ్గినా ప్రాజెక్టు చెల్లదు. ఏటా అవే జవాబులు దిద్దీ దిద్దీ నా తల ప్రాణం తోకకొస్తుంది.

ఆ ఏడు హిప్‌హాప్ వీడియో ఇచ్చాను. ఆర్.కె.పేట దగ్గరి నేతవీధిలో కుర్రాళ్లు కొందరు తీసిన తమిళ ర్యాప్ పాట. మొదటిసారి చూసినప్పుడు మురిసిపోయాను, దాచుకోవడమెందుకు. నేనూ నేతగాళ్ల ఇంట్లో పుట్టినదాన్నే. మా మగ్గం పాఠంలోకెక్కిందని సంబరం. ఎవరి పిచ్చి వాళ్లకానందం.

క్లాసులో ఊపిరాడకుండా చెప్పాను. ఈ పాటల్లో పాడేవాడు ఎప్పుడూ కెమెరా కళ్లలోకే చూస్తాడు, మనల్ని నిలదీస్తున్నట్టు. వెనకాల వాడి మనుషులు గుంపుగా నిలబడతారు, ఇది నా వీధి అని చెప్పడానికి. తాళం దెబ్బ దెబ్బకీ షాట్ మారుతుంది. కెమెరాను నేల మీద పెట్టి పైకి చూపిస్తే పిట్టంత కుర్రాడు కొండంత కనిపిస్తాడు. పదో షాట్ దగ్గర వీడియో ఆపాను. తెల్లటి కొత్త షూ, తెర నిండా. పాడేవాడు చేతిమగ్గం ముందు నిలబడి, నేసిన బట్ట చుట్టుకునే దుంగ మీద కాలు పెట్టాడు. షూ మాత్రం స్పష్టంగా ఉంది, మిగతాదంతా మసక.

"చూడండి, ఈ వీడియోలో మంచి షాట్ ఇదే," అన్నాను. "షూ అంటే గెలుపు. గతం మీద కాలు మోపి నిలబడ్డాడు." చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, ఇంకో ఐదు నిమిషాలు దంచాను.

ప్రాజెక్టులు వచ్చాయి. మూడో బెంచీలో కూర్చునే ఆర్.కె.పేట అమ్మాయి తొమ్మిది షాట్లు ఎంత బాగా రాసిందంటే, చాలా ఏళ్లకు నిద్రమత్తు వదిలి చదివాను. మద్రాసులో ఒక ఎడిటింగ్ స్టూడియో వాళ్లు ఆ పిల్లకు ఉద్యోగం ఖాయం చేశారని తెలుసు, డిగ్రీ చేతికొస్తే చేరడమే. పేజీ తిప్పాను. పదో షాట్ అని నంబరు వేసి, కింద ఏమీ రాయలేదు.

నాకు ఒళ్లు మండింది. ఇంత తెలివి పెట్టుకుని ఈ బద్ధకమేమిటి? అడగనైనా అడగలేదు. ఇంకా నలభై దిద్దాలి, రైలు టైమవుతోంది. "అసంపూర్తి" అని రాసి సంతకం పెట్టేశాను. పిల్లకు అరియర్ పడింది, అంటే ప్రాజెక్టు తప్పినట్టే, మళ్లీ పరీక్షలో రాయాలి.

రిజల్ట్ వచ్చిన రోజు స్టాఫ్ రూముకు వచ్చింది. ఏడుపూ లేదు, కోపమూ లేదు. ఇద్దరమే ఉన్నామని తమిళం వదిలి మా ఇళ్లల్లో మాట్లాడే తెలుగులోకి దిగాను. "ఏమ్మా, తొమ్మిది రాసినదానివి పదోది రాసేదానికేం రోగం?"

"ఆ మగ్గం మాదే మేడం," అంది. "షూ వెనకాల మసగ్గా ఒక మనిషి ఉండాడు చూసినారా? చేతులు కట్టుకోని నిలబడుకోనుండాడు. మా నాయన."

నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అక్కడ మనిషి ఉన్నాడని నాకు తెలియదు.

"చెప్పులేసుకోని మగ్గం ఉండే గదిలోకే పోము కదా మేడం. వాళ్లు షూతో ఎక్కినారు. మా నాయన అడ్డం చెప్పలేదు. ఇంటికొచ్చిన పిల్లోళ్లు, పోనీలే అనుకున్నాడు. వాళ్లు పోయినాక మగ్గమంతా కడిగి, పసుపు పెట్టి, ఆ పొద్దు అన్నం తినలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా ఫోన్ తీసి అదే చూపిస్తాడు. 'ఇదో, నేనుండేది యాడో చూడు' అంటాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. చిన్నప్పుడు మా ఇంట్లోనూ అంతే. నేసేవాళ్లు మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టేముందు మగ్గానికి దణ్ణం పెట్టుకునేవాళ్లు. అది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. అలాంటి నేను, ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, అదే మంచి షాటని పొగిడాను.

శాఖ పెద్దాయన దగ్గరకు పరుగెత్తాను. తప్పు నాదేనని, ఇంకో వీడియో ఇస్తానని బతిమాలాను. ఆయన చెడ్డవాడేం కాదు, నాలాగే అలిసిపోయినవాడు. కళ్లజోడు తీసి తమిళంలో అడిగాడు. "పదోది రాసిందా?"

"లేదు సార్."

"మరి అసంపూర్తే కదమ్మా. మళ్లీ అదే రాయాలి, అది రూలు."

మద్రాసు స్టూడియో వాళ్లు అరియర్ పరీక్ష దాకా ఆగుతామన్నారు, ఆపైన కుదరదన్నారు. అమ్మాయిని పిలిచి చెప్పాను. "నువ్వు నాతో ఏం చెప్పినావో అదే రాయి తల్లీ. మీ నాయన సంగతి, మగ్గం కడిగిన సంగతి. అంతకంటే గొప్ప విశ్లేషణ ఇంకోటుండదు. దిద్దేది నేనే, పూర్తి మార్కులు వేస్తా." నా తప్పు కడుక్కోవడానికి అంతకంటే దారి నాకు తోచలేదు. ఆ పిల్ల తలూపింది.

పేపరు వచ్చింది. మిగతావి వదిలేసి నేరుగా పదో షాట్ తీశాను. పేజీ నిండా ఉంది. "తెల్ల షూ గెలుపుకు గుర్తు. గతం మీద కాలు మోపి నిలబడటం ఈ తరహాలో మామూలు. లెన్సు చూపంతా షూ మీదే ఉంది. వెనక మసకగా ఉన్న మనిషి నేపథ్యంలో భాగం. అతనికి ప్రాధాన్యం లేదు."

నా మాటలే. ఒక్క ముక్క పొల్లుపోలేదు. ఆ మనిషి గురించిన చివరి రెండు వాక్యాలే తన సొంతం.

కబురు పంపి పిలిపించాను. "ఇదేందమ్మా ఇట్లా రాసినావు? నేను రాయమన్నదేంది?"

"మా నాయన అన్నం తినకుండా ఉండింది మార్కుల కోసం రాసేదానికి చెయ్యి రాలేదు మేడం," అంది. పేపరు నా వైపు జరిపి, "ఇది కరెక్టే కదా?" అనడిగింది.

కరెక్టే. పదికి పది వేశాను.