గడి తోట ఏడికి పోయింది?

మా అమ్మ ఒకటి పట్టుకుందంటే ఉడుంపట్టే. ఈ వానాకాలం ఆమె పట్టుకున్నది మా ఊరి దొర కోటలాంటి గడి వెనక ఒకప్పుడు ఉండిన పూలతోటను. మోకాళ్లు పూర్తిగా మొరాయించకముందే ఆ తోటలో ఒక్కసారి నడవాలట! వనపర్తిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్న నన్ను ఫోన్ మీద ఫోన్ చేసి పీక్కుతింది. "గడే కూలిపోయింది గదనే అమ్మా, ఇంక తోటెక్కడిది?" అంటే, "గోడలు కూల్తయి. నేల ఏడికి పోతది?" అంది. ఆదివారం పొద్దున్నే పెబ్బేరు బస్సెక్కాను.

అమ్మ పుట్టిందీ మెట్టిందీ ఒకే ఊరు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఆ తోటకు వెట్టికి నీళ్లు పోసేది. అమ్మను మాత్రం తోట వాకిలి దాటనిచ్చేవాళ్లు కారు. మా కులం పిల్లలు అడుగుపెడితే పూలు మైలపడతాయని దొరసాని నమ్మకం. మరి నీళ్లు పోసే చేతుల మైల ఏమయ్యేదో ఆ మహాతల్లికే తెలియాలి. అమ్మ గోడ బయట కూర్చుని వాసన మాత్రం చూసేది. ఇంత వయసొచ్చినా ఆ కోపం చల్లారలేదు.

ఇద్దరం చెరో కర్ర పట్టుకుని గడి వెనక్కి పోయాం. సర్కారు తుమ్మ కంప నా చున్నీని పట్టుకుంటే వదలదు. దారి చేసుకుంటూ పోతే మొదట ఒక గచ్చు కాలువ ముక్క దొరికింది. దాని వెంబడే పోతే నీళ్లు లేని హౌజు కనిపించింది. అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇగో, గీ హౌజు సుట్టేనంట పూలన్నీ, మాయమ్మ చెప్పేది!" అంటూ గబగబా నడిచి ఠక్కున ఆగింది. హౌజు చుట్టూ నేలే లేదు. నడుములోతు గుంత, అడుగున ఎర్రటి మొరం. "ఏందే ఇది! తోట ఏడికి పోయింది?" అని నా మీద గయ్యిమంది, నేనేదో ఎత్తుకుపోయినట్టు.

అక్కడే మేకలు కాస్తున్న చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, ఈ కేకలు విని గోడ సందులోంచి వచ్చాడు. సంగతి చెబితే పడీపడీ నవ్వాడు.

"వదినా, దొర పట్నం పోయినంక ఊరోళ్లు తలుపులు, దూలాలు పీక్కపోయిండ్రు. మా నాయన మాత్రం బండి కట్టి మన్ను తోలిండు. ఆయన్ను జూసి అందరు తోలుకున్నరు. చెరువుల నుంచి ఆ నల్లమన్ను తట్టలల్ల మోసి గడికి పోసింది మనోళ్లే గద. మనది మనం తెచ్చుకున్నం."

"మామ ఏ చేన్ల పోసిండు?"

"ఏ చేనంటవేంది? మన చెల్కలనే!"

ఆ రోజుల్లో అమ్మా నాయనా వలసపోయి బొంబాయిలో మేస్త్రీ కింద ఇటుకలు మోస్తున్నారు. తిరిగొచ్చేసరికి మా ఎర్ర చెలక నల్లబడి ఉంది. ఎండాకాలం చెరువు అడుగంటితే పూడికమట్టి చేలకు తోలుకోవడం మా వైపు మామూలే కాబట్టి, ఇదీ చెరువుమట్టే అని అమ్మ అనుకుంది. ఆమె అడిగిందీ లేదు, తాత చెప్పిందీ లేదు.

ఉన్నట్టుండి అమ్మ నెత్తి కొట్టుకుంది. "వామ్మో! గందుకేనా మన చేన్ల గా ఉల్లికలుపు!"

ఆ కలుపు నాకూ తెలుసు. ఉల్లికాడల్లాంటి ఆకులు, వాన పడగానే లేతగులాబీ రంగు పువ్వు. ఎంత పీకినా గడ్డ లోపలే ఉండిపోయి మళ్లీ లేస్తుంది. "దీని దినాలు జెయ్య" అని తిట్టుకుంటూ అమ్మ ఏటేటా పీకి గట్టు మీద పారేసేది. తోట మన్నులో కలిసి వచ్చిన పూలగడ్డలన్నమాట అవి. ఇక అమ్మ ఆగుతుందా! మోకాళ్ల సంగతే మరిచిపోయి చేను దారి పట్టింది. వెనక నేను.

రెండు వానలు పడి ఉన్నాయి. పత్తి అప్పుడే మొలకెత్తింది. సాళ్ల మధ్య అక్కడక్కడా ఆ గులాబీ పూలు. అమ్మ కాసేపు చూసి విరగబడి నవ్వింది. "ఓయమ్మో! దొరసాని కన్నా నేనే ఎక్కువ తిరిగిన గదనే ఆ తోటల!" నవ్వుతూ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మాయమ్మకు తెల్వకనే పాయె" అంది. నాకూ ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

అమ్మ మెల్లగా సాళ్లలోకి దిగింది. ఒక్క పువ్వు కూడా పీకలేదు. ఊరికే నడిచింది. నేను మొలకలు తొక్కుతానేమోనని గట్టు మీదే ఆగిపోయాను. ఆమె వెనక్కి తిరిగి గట్టిగా కేకేసింది.

"ఆడనే నిలవడ్డవేందే? లోపటికి రా. నిన్నెవరు ఆపుతరు?"