ఇంకో పావు చుట్టు

వెండెల్ క్లప్కే తన విల్లును ఎవరినీ ముట్టుకోనివ్వడు. ఎదుటివాడి విల్లును మాత్రం ముట్టుకోకుండా ఉండలేడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట వాడికి మరలు తిప్పే చిన్న అలెన్ కీ ఉంటుంది. చర్చికి వెళ్ళినా, శుక్రవారం చేపల వేపుడికి బార్‌కి వెళ్ళినా అది జేబులోనే. స్నానం చేసేటప్పుడు ఎక్కడ పెట్టుకుంటాడో నేనెప్పుడూ అడగలేదు.

నా పేరు నార్బ్. విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరాన, మా టామరాక్ ఊళ్ళో విల్లులు అమ్మేదీ బాగుచేసేదీ శ్రుతి చేసేదీ నేనొక్కణ్ణే. బోర్డు మీద 'నిపుణుడు' అని పెద్దక్షరాలతో రాయించుకున్నాను కూడా. రోడ్డుకి సరిగ్గా అవతలే వెండెల్ గ్యారేజీ. వాడికి బోర్డు లేదు, జనం మాత్రం ఉంటారు. సెప్టెంబరులో జింకల వేట సీజను దగ్గరపడిందంటే వాడి వాకిట్లో ట్రక్కులు, నా వాకిట్లో ఆకులు. కడుపు మండదూ!

ఈ రోజుల్లో వేటవిల్లు అంటే వంచిన కర్రా తాడూ కాదు. రెండు కొసలా చక్రాలు, వాటి మీద తీగలు, బాణం ఆనడానికి ఒక రెస్టు, ఆ రెస్టును అటూ ఇటూ జరిపే మర. అంతా శ్రుతిలో ఉందో లేదో తెలియాలంటే చట్రానికి కాగితం బిగించి, దగ్గరనుంచి అందులోకి బాణం కొట్టాలి. గుండ్రంగా చిల్లు పడితే విల్లు బాగున్నట్టు. కాగితం పక్కకి చిరిగితే బాణం వంకరగా పోతున్నట్టు. నా దుకాణంలో పడేవన్నీ గుండ్రటి చిల్లులే. నా చేత్తో నేనే కొట్టి చూసుకుని మరీ ఇచ్చేవాణ్ణి. అయినా ఊరంతా రోడ్డు దాటి వాడి దగ్గరికే పోయేది.

"ఒరేయ్ వెండెల్, నీ విల్లు ఒక్కసారి నా బల్ల మీద పెట్టరా. ఊరికే చూస్తాను," అన్నానొకసారి.

"నా విల్లు నువ్వు చూస్తావా? రేపు నా పళ్ళు కూడా నువ్వే తోముతానంటావు."

"మరి దుకాణం ఉన్నది దేనికిరా?"

"కాఫీకి. నీ కాఫీ బావుంటుంది." ఒక గుక్క తాగి, కాఫీ యంత్రం వైపు తేరిపార చూశాడు. "ఇంకో పావు చుట్టు తిప్పితే ఇంకా బావుంటుంది."

నేను అడ్డంపడేలోపే జేబులోంచి కీ తీశాడు. ఆ తర్వాత కాఫీ నిజంగానే బాగా వచ్చింది. ఆ సంగతి నేను వాడితో ఇంతవరకు అనలేదు, ఇకముందు అనను.

మా పాస్టరు తల్లి పోయినప్పుడు అందరం సమాధి దగ్గర్నుంచి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. బంగాళదుంపలు వడ్డిస్తున్నారు. గోడకి పాస్టరు విల్లు వేలాడుతోంది. వెండెల్ పళ్ళెం పట్టుకుని దాని ముందు నిలబడిపోయాడు.

"ఈవాళ వద్దు వెండెల్," అని పాస్టరు బతిమాలుకున్నాడు.

"ఒక్క పావు చుట్టేనండీ. ఆవిడ ఉంటే కాదనేది కాదు."

వేటలో కూడా అంతే. చెట్టు మీద మంచె ఎక్కి కూర్చుంటాడు, జింక వచ్చేలోపు మర ఇంకాస్త తిప్పుదామనుకుంటాడు. జింక వస్తుంది, చూస్తుంది, పోతుంది. వీడు తల ఎత్తడు. ఈ జిల్లాలో జింకకి వెండెల్ చెట్టు కింద ఉన్నంత భద్రత ఇంకెక్కడా లేదని, గర్భంతో ఉన్నవన్నీ అక్కడికే చేరతాయని బార్‌లో చెప్పుకుంటారు.

ఇంత జరిగినా అందరికీ వాడంటే ముద్దు. నా భార్య ఎలైన్ సాసేజి చేస్తే మొదటి ముక్క వాడికి. నా కుక్క గస్ నా తిండి తిని వాడి గ్యారేజీలో పడుకుంటుంది. నేను పిలిస్తే ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసేస్తుంది.

ఈ కుళ్ళు నాకు మొదట్నుంచీ ఇంత లేదు. రెండేళ్ళ కిందట కట్టెలు చీల్చే యంత్రంలో నా ఎడమ బొటనవేలు నలిగింది. మళ్ళీ విల్లు పట్టగలనని డాక్టరుకే నమ్మకం లేదు. వసంతంలో కట్టు విప్పాక, దుకాణంలో అందరి ముందూ విల్లెత్తి కొట్టాను. కాగితానికి గుండ్రటి చిల్లు పడింది. చప్పట్లు మోగాయి. వెండెల్ బ్రాందీ సీసా తెచ్చాడు. ఆ తర్వాతే జనం రోడ్డు దాటడం ఎక్కువైంది. నేను మూలపడి ఉన్నప్పుడు వీడు నా గిరాకీ ఎగరేసుకుపోయాడని నాకు అర్థమైంది. అర్థమైందనే అనుకున్నాను.

"ఈ సీజనులో కూడా ఇలాగే ఉంటే బోర్డు దింపేస్తాను," అన్నాను ఎలైన్‌తో.

"దింపి?"

"వాడి గ్యారేజీకి తగిలించి వస్తాను."

ఎలైన్ నవ్వలేదు. నేనూ నవ్వుతూ అనలేదు.

సీజను ఇంకో వారం ఉందనగా బెర్నీ వచ్చింది. స్కూలు బస్సు నడుపుతుంది, మా ఊళ్ళో ఆమెకంటే ఓపిగ్గా చెట్టెక్కి కూర్చునే వేటగాడు లేడు. విల్లు పట్టుకొచ్చింది, నారికి మైనం రాయాలట. నేను పని ముగించిన ప్రతి విల్లుకూ రెస్టు ఎక్కడుండాలో పసుపు రంగుతో చుక్క పెడతాను. చూస్తే చుక్క ఒకచోట, రెస్టు ఒకచోట.

"దీన్నెవరు కదిపారు?"

బెర్నీ కప్పు వైపు చూసింది. "బస్సులో కుదుపులకి..."

"కుదుపులు అలెన్ కీ పట్టుకుని వచ్చాయా?"

విల్లు లాక్కుని రోడ్డు దాటాను. వెనకాల బెర్నీ పరుగు. గ్యారేజీలో వెండెల్ తన విల్లుకు ఏదో తిప్పుతున్నాడు, కాళ్ళ దగ్గర గస్.

"నా పనికి వంకలు పెడతావుట్రా? నా చుక్క కాదనే మొనగాడివా?"

"నీ పనికేం, భేషుగ్గా ఉంది," అన్నాడు వెండెల్. "నాకే చెయ్యి దురద. నీకు తెలుసుగా నా రోగం."

"అయితే నా చుక్క దగ్గరికి మళ్ళీ జరుపు. నా కళ్ళముందే."

జరిపాడు. గ్యారేజీ మూల కాగితం కట్టి ఉంది. కొట్టాను. గుండ్రటి చిల్లు.

"చూశావా!"

"చూశాను. నీదే రైటు. కాఫీ తాగుదాం పద."

"ఇంక చాలు వెండెల్," అంది బెర్నీ. విల్లు నా చేతిలోంచి తీసుకుని తనే కొట్టింది. కాగితం పక్కకి బెత్తెడు చిరిగింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే.

వెండెల్ మర తిప్పాడు. బెర్నీ కొట్టింది, గుండ్రటి చిల్లు పడింది. నేను కొట్టాను. కాగితం అవతలి వైపుకి చిరిగింది. బాణం దిగిన చోటు కాదు, విల్లు పట్టుకున్న నా ఎడమ చెయ్యి చూసుకున్నాను. అతికిన బొటనవేలు పిడిని ఓ పక్కకి నెడుతోంది. రెండేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ విల్లులన్నీ నా వంకర వేలికి శ్రుతి చేసి పంపించాను.

"ఎవరెవరికి తెలుసు?"

"నాకు తెలుసు. బెర్నీ కనిపెట్టేసింది. తక్కిన వాళ్ళకి నాకు పిచ్చని, నేను తిప్పితే బాణం బాగా పోతుందని తెలుసు, అంతే," అన్నాడు వెండెల్.

"నాతో ఒక్క మాట అంటే ఏం పోయిందిరా?"

"ఆ రోజు నువ్వు విల్లెత్తితే ఎలైన్ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, బ్రాందీ ఘాటు అని చెప్పానులే. అప్పుడు నీ వేలు వంకరని ఎవడు చెప్తాడు? పిచ్చి ఎలాగూ ఉంది కదా అని వాడేశాను."

వాణ్ణి కొట్టాలనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. మనసులోది ఎవరూ బయటపెట్టని విస్కాన్సిన్‌లో పుట్టినవాణ్ణి కనక రెండూ చేయకుండా చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ వాడి పనితనం చూసి ఏడ్చాను. ఇకమీదట వాడి మంచితనం చూసి కూడా ఏడవాలి. ఒక్క మనిషి మీద ఇంత ఏడుపు మోయడం మాటలా!

ఇప్పుడు నా దుకాణంలో ఎవరి విల్లు వాళ్ళే కొడతారు, నేను చిల్లు చూసి మర తిప్పుతాను. బోర్డు ఉన్నచోటే ఉంది. సీజను మొదలయ్యే ముందురోజు పొద్దున్నే వెండెల్ వచ్చాడు. కాఫీ అడగలేదు. తన విల్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"శ్రుతి చెయ్యి."

దుకాణంలో ఉన్నవాళ్ళు బల్ల చుట్టూ చేరారు. వాడు కొట్టాడు, నేను తిప్పాను. వాడు మళ్ళీ కొట్టాడు. కంపాసుతో గీసినంత గుండ్రంగా పడింది చిల్లు. వెండెల్ కాగితం దగ్గరికెళ్ళి చాలాసేపు చూశాడు.

"బావుంది నార్బ్," అన్నాడు. విల్లు తీసుకుని వెళ్ళిపోయాడు.

కిటికీ దగ్గరికి వెళ్ళాను. సగం రోడ్డు దాటి ఆగిపోయాడు. విల్లు వైపు చూశాడు. చెయ్యి జేబులోకి పోయింది. అంతలో స్కూలు బస్సు వచ్చి ఆగింది. పిల్లలందరూ అద్దాలకి ముక్కులు ఆనించి చూస్తున్నారు. బెర్నీ హారన్ కూడా కొట్టలేదు. వాడు వేలు ఎత్తి, ఒక్క పావు చుట్టే అన్నట్టు సైగ చేసి, కీ తిప్పాడు.

తిప్పాక గబుక్కున నా కిటికీ వైపు చూసే ఉంటాడు. నేను అప్పటికే వెనక్కి తిరిగి కాఫీ పోసుకుంటున్నాను.