మేడమ్ ఫోటోకు వంక పెట్టరు

మా ఫోటోల గ్రూపులో ఒక నియమం ఉంది. ఎవరి ఫోటో గురించైనా ముందు ఒక మంచి మాట చెప్పాలి, తర్వాత ఒక సలహా ఇవ్వాలి, చివర మళ్ళీ ఒక మంచి మాటతో ముగించాలి. ఈ నియమం పెట్టింది మా పెద్దాయన. ఇంజనీరుగా రిటైరై, కాలవల మీద చూపించాల్సిన శ్రద్ధంతా ఇప్పుడు మా ఫోటోల మీద చూపిస్తున్నారు. చేదుమాత్రను అరటిపండులో పెట్టి పిల్లలచేత మింగించినట్టన్నమాట. మా వాళ్ళ చేతిలో పడ్డాక అరటిపండు చిన్నదైపోయింది, మాత్ర పెద్దదైంది. "వెల్తురు బాగుండాదప్పా. ఫోకస్ మాత్రం నీ మనిషిని వదిలేసి యాడో కొండ మింద పడింది. ఫ్రేము కట్టించుకో, ఫ్రేమన్నా బాగుంటాది." తిరుపతిలో స్నేహపూర్వక సలహా అంటే ఇదీ.

ఈ మాత్రలన్నీ మగవాళ్ళకే. గ్రూపులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. నేను చేరగానే పెట్టిన మొదటి ఫోటో అలిపిరి దగ్గర మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతున్న ఒక కొత్త పెళ్ళికూతురిది. ఆ అమ్మాయి తల పైభాగం తెగిపోయింది. వెనక ఒకాయన తీరుబడిగా ముక్కు చీదుకుంటున్నాడు. ఆ సంగతి ఫోటో పెట్టాక గానీ నేను చూసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయి, ఇక తిట్లు మొదలవుతాయని కాచుకుని కూర్చున్నాను. ఫోనులో వచ్చినవన్నీ దండాల బొమ్మలూ గులాబీపూల బొమ్మలూ. "సూపర్ మేడమ్." "అద్భుతం అమ్మా." పెద్దాయనైతే "భక్తి ఉట్టిపడతా ఉండాది" అని రాశారు. ఎవరిలో, ముక్కు చీదుకునే ఆయనలోనా అని అడగబోయి మానుకున్నాను.

మొదట్లో మర్యాద అనుకున్నాను. కొత్త కదా, నెమ్మదిగా దారికి వస్తారు అనుకున్నాను. రెండేళ్ళు గడిచినా గులాబీపూలు ఆగలేదు. నేను పనిచేసేది బ్యాంకు కౌంటర్లో. అక్కడ నన్ను తిట్టని మనిషి లేడు. సర్వర్ పనిచేయకపోయినా నన్నే అంటారు, వాళ్ళ సంతకం వాళ్ళకే కుదరకపోయినా నన్నే అంటారు. ఇంట్లో సాంబారులో పులుపు ఎక్కువైతే చెప్పడానికి నలుగురు ఉన్నారు. ఈ ప్రపంచంలో నా తప్పు నాకు చెప్పనివాళ్ళు ఎక్కడైనా ఉన్నారా అంటే, సరిగ్గా నేను నేర్చుకోవడానికి వెళ్ళిన చోటే ఉన్నారు.

ఒక ఆదివారం తెల్లవారకముందే కెమెరా సంచి తగిలించుకుని బయలుదేరుతుంటే మా ఆయన పక్క మీద నుంచి తల ఎత్తి అడిగారు. "ఇన్ని దినాలుగా పోతా ఉండావే, ఇంతకీ నీకు ఫోటో తీసేది వచ్చిందా?" ఆయన ఎగతాళిగా అనలేదు, తెలుసుకుందామనే అడిగారు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. వచ్చిందో లేదో నాకు తెలియదు. చెప్పాల్సినవాళ్ళు చెప్పడం లేదు. ఆ రోజు నుంచి నాకు కావలసింది ఒకటే అయింది. ఎవరో ఒకరు నా ఫోటో చూసి నిజం చెప్పాలి.

గ్రూపులో నాకు సరిగ్గా ఎదురు ఇంకొకరున్నారు. కార్వేటినగరం నుంచి బస్సులో వచ్చే లెక్కల మాస్టారు. నెమ్మదైన మనిషి. ఎదురుచెప్పరు కాబట్టి అందరికీ ఆయన ఫోటోలే దొరికేవి. కోట గోడను తీస్తే "ఇటికెలు లెక్కబెట్టినావా మాస్టారూ" అనేవారు, కోడిపుంజును తీస్తే "మసాలా ఏది" అనేవారు. కొత్తగా చేరినవాడు కూడా ఆయన మీదే చెయ్యి సాపు చేసుకునేవాడు. ఆయన అన్నిటికీ "సరేనప్పా, చూస్కుంటా" అని రాసేవారు.

పోయిన చలికాలంలో అందరం వ్యాను మాట్లాడుకుని పులికాట్ వెళ్ళాం. రాజహంసలు నీళ్ళలో ఎక్కడో దూరంగా ఉన్నాయి. మా వాళ్ళు చెయ్యంత లెన్సులు పెట్టి తీసినా వచ్చినవి తెల్లచుక్కలే. ఎవరి చుక్కలు ఎవరివో తెలియక, నీ చుక్క బాగుందంటే నీ చుక్క బాగుందని ఒకరి భుజం ఒకరు తట్టుకుంటున్నారు. మాస్టారు, నేను విసుగు పుట్టి జాలరుల గుడిసెల వైపు నడిచాం. ఒడ్డున ఒక ముసలామె రొయ్యలు ఏరుతోంది. నేను ఆమెను తీశాను. మాస్టారు ఒడ్డుకు వస్తున్న పడవను తీశారు.

తిరిగి వస్తూ శ్రీకాళహస్తి దగ్గర టీకి ఆగాం. మిగతావాళ్ళు బజ్జీల బండి చుట్టూ మూగారు. మాస్టారు టీ గ్లాసు చేత్తో తిప్పుతూ నవ్వారు.

"మీకేం మేడమ్. ఈ గ్లాసు ఫోటో తీసి పెట్టినా గులాబీపూలు పడతాయి. నేను సాక్షాత్తు దేవుణ్ణే తీసుకొచ్చినా, దేవుడు సరిగ్గా నిలబళ్ళేదంటారు."

"ఆ తిట్లు నాకియ్యండి సార్. ఒక్కటన్నా నాకు పడితే కదా నేర్చుకునేది" అన్నాను.

అనేశాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆలోచన ఎవరికి ముందు వచ్చిందో చెప్పలేను. ఆ సాయంత్రం నా ముసలామెను మాస్టారు తన పేరు మీద పెట్టారు. ఆయన పడవను నేను నా పేరు మీద పెట్టాను.

మర్నాడు బ్యాంకులో ఒకాయన పాసుబుక్కు కౌంటర్ మీద కొట్టి అరుస్తుంటే, నేను సొరుగులో ఫోను పెట్టుకుని దొంగతనంగా చదువుకున్నాను. నా ఫోటోను ఉతికి ఆరేశారు. ఎడమవైపు సగం ఖాళీ నీళ్ళేనట, ఆ ఖాళీలో ఇంకో గుడిసె వేసుకోవచ్చట. రొయ్యల గంప అడుగు ఫ్రేములో తెగిపోయిందట. పెద్దాయన మాట అన్నిటికన్నా బాగుంది. "రొయ్యల మింద ఎండ పడతా ఉండాది, ముసలామె మొగం చీకట్లో ఉండాది. నువ్వు తీసింది ఎవుర్ని అబ్బా, ఆమెనా, రొయ్యల్నా?" మళ్ళీ ఫోటో తెరిచి చూశాను. నిజమే. అక్షరాలా నిజం. కావాలనుకుంటే ఈ మనుషులకు కళ్ళు ఉన్నాయి! నాకు ఎంత సంతోషమైందంటే, ఎదురుగా అరుస్తున్నాయన్ను చూసి నవ్వేశాను. ఆయన కంగారుపడి గొంతు తగ్గించాడు.

అటు పడవ మీద పూలవాన కురిసింది. మధ్యాహ్నం మాస్టారు ఫోన్ చేశారు. స్కూల్లో భోజనాల వేళ అనుకుంటాను, వెనక పిల్లల గోల.

"చూసినారా మేడమ్? నీళ్ళల్లో నిశ్శబ్దం వినిపిస్తా ఉండాదంట! పెద్దాయనే రాసినాడు. నా ఇంటామెకు గూడా చదివి వినిపించినా."

"మీదని చెప్పినారా?"

"చెప్పినా. నమ్మలా. ఆడ మీ పేరుండాది గదా." అటు పిల్లల్ని ఒకసారి అదిలించి, "రెండు దినాలు అట్లనే ఉండనీయండి మేడమ్. మల్ల చెప్దాం" అన్నారు.

ఉండనిచ్చాను. నాకూ తిట్లు ఇంకా వస్తున్నాయి, వాటి రుచి ఇంకా తీరలేదు. అయితే ఆ వారాంతంలో పెద్దాయన గ్రూపు ప్రదర్శనకు ఫోటోలు ఎంపిక చేసి జాబితా పెట్టారు. అందులో మొదటిది "మేడమ్ గారి పడవ". మాస్టారి పేరున ఉన్న ముసలామె లేనేలేదు. వేరొకరు తీసిన బొమ్మ కింద నా పేరు రాసి గోడకు తగిలిస్తే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు. మాస్టారిని అడిగి, జరిగిందంతా గ్రూపులో రాసేశాను. పడవ మాస్టారిది, ముసలామె నాది, మీరు చెప్పిన లోపాలన్నీ సరిగ్గా ఉన్నాయి, అందరికీ కృతజ్ఞతలు అని.

 తర్వాత నా ఫోను మోగింది. పెద్దాయన.

"అమ్మా, ఎంత పని జరిగిపాయ. మీదని తెలిసుంటే నేనట్ల రాసుంటానా? ఏమనుకోబాకండి."

"లేదు సార్, మీరు రాసింది నిజమే. మొగం చీకట్లోనే ఉండాది."

"అదేం లేదమ్మా. ఇప్పుడు నిదానంగా చూస్తే ఆ చీకట్లోనే ఏదో ఉండాది. మనసుకు తగలతా ఉండాది. ఎగ్జిబిషన్లో పెడదాం."

నేను ఎంత చెప్పినా ఆయన వినలేదు. ఫోన్ పెట్టేసి గ్రూపు తెరిస్తే అక్కడ శుద్ధికార్యక్రమం నడుస్తోంది. నా ఫోటో కింద రాసినవాటిని ఎవరికివాళ్ళు తుడిపేసుకుంటున్నారు. ఖాళీ నీళ్ళు పోయాయి, తెగిన గంప పోయింది. రొయ్యలా, ముసలామెనా అన్న ఆ మంచి ప్రశ్న నేను చూస్తుండగానే పోయింది. ఒక్కొక్క మాట ఉన్నచోట సందేశం తొలగించబడింది అన్న ముక్క మిగిలింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్కసారి, పొరపాటున, నన్ను మనిషిగా చూసి ఒక మాటన్నారు. నాదని తెలియగానే దాన్ని కూడా వెనక్కు తీసుకున్నారు. అంత మర్యాద ఉన్నవాళ్ళ చెంప పగలగొట్టాలనిపించింది.

పడవ కింద కూడా తుడిచివేత జరిగింది, పూలన్నీ ఏరుకుపోయారు. ఆ ఖాళీ అయిన చోట కొత్త మాటలు వచ్చాయి. "అదే అనుకున్నా, నీళ్ళు వంగినట్లుండాయే అని." "పడవ జారి పక్కింట్లో పడేట్లుండాది మాస్టారూ." పెద్దాయన నిశ్శబ్దం గురించి మళ్ళీ ఎత్తలేదు. ప్రదర్శనకు గోడ చాలడం లేదు కాబట్టి పడవ వచ్చే ఏడు చూద్దామన్నారు. నా ముసలామెకు మాత్రం గోడ చాలింది. మాస్టారు ఎప్పటిలాగే "సరేనప్పా, చూస్కుంటా" అని రాశారు.

నేనే ఆయనకు ఫోన్ చేశాను. క్షమించమన్నాను, నోరు మూసుకుని ఉండాల్సిందన్నాను. పోనీలెండి మేడమ్, అన్నారాయన. అయినా నేను పట్టు వదల్లేదు. తుడిపేసిన మాటలు నాకు కంఠతా వచ్చు. అవి నిజమేనన్న నమ్మకమే సడలిపోయింది. వెనక్కు తీసుకోగలిగినవాళ్ళు మొదట ఇచ్చింది మాత్రం నిజంగా ఇచ్చారా? మాస్టారి పేరు కనబడితే చాలు తిట్టడం వాళ్ళకు అలవాటే కదా.

"సార్, ఎవుర్నీ పట్టించుకోకుండా మీరు చెప్పండి. నా ఫోటో ఎట్లుండాది?"

ఆయన నసిగారు. నేను వదల్లేదు.

"ఖాళీలు, గంపలు అదంతా సరిచేస్కోవచ్చు మేడమ్. మీరు ఆమె దగ్గరికి పోలేదు. నేను ఆడనే ఉండాను గదా, చూసినా. రోడ్డు మింద నిలబడి జూమ్ చేసినారు. ఆమెను పలకరించను భయపడినారు. అది ఫోటోలో తెలిసిపోతా ఉండాది."

రెండేళ్ళుగా నేను వెతుక్కుంటున్న మాట అదే. కోరి కోరి, ప్రాధేయపడి అడిగి చెప్పించుకున్న మాట. వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. భయమా? నాకా? చెప్పొచ్చావులే పెద్ద, కోడిపుంజుల మాస్టారూ అనుకున్నాను.  కృతజ్ఞత చెప్పాల్సిన నోటికి వేరే మాట వచ్చింది.

"మీ పడవ మాత్రం తక్కువా సార్? వాళ్ళన్నది నిజమే. నీళ్ళు ఒక పక్కకు వంగే ఉండాయి, నాకూ కనబడింది."

 ఈసారి ఆయన నసగలేదు.

"వంగిన మాట నిజమే మేడమ్" అన్నారు మాస్టారు. "మీకు పంపే ముందే చూసినా. సరిచేసేది ఒక్క నిమిషం పని. మీ పేరు మింద పోతాది గదా, ఎవురంటార్లే అని వదిలేసినా."